ఒక చెవికి వినికిడి తగ్గినపుడు

విజయవాడ పడమటి కొసన, ప్రకాశం బ్యారేజీకి ఎగువగా కృష్ణానదిని ఆనుకొని యున్న భవానీపురములో గాని, దిగువ డెల్టాలోని ఏ పల్లెలో గాని, నలువది యేబది యేండ్ల మనిషికి ఒక చెవి క్రమముగా మందగించుటను ఎవరును విపత్తుగా భావింపరు. ఎడమచెవికి ఆనించిన ఫోనులో మాట తెలియనపుడు దానిని కుడిచెవికి మార్చుకొందురు. రాత్రి సద్దణగిన పిదప ఆ చెవిలో హోరు వినబడినచో నిద్ర చాలలేదనుకొందురు. బస్సు దిగుచు ఒక్క క్షణము తూలినచో బీపీ యనుకొందురు. మొదట వీధిలోని ఆర్ఎంపీ డాక్టరు గుబిలి కరగుటకు చుక్కలమందు ఇచ్చును; పిదప కండ్లు తిరుగకుండ బిళ్ళలు వచ్చును; మరి కొన్ని మాసములకు బంధువులలో ఒకరు "ఎందుకైనా మంచిది, తలకి ఒక స్కానింగ్ తీయించుకోండి" అని సలహా చెప్పగా, సూర్యారావుపేటలోని ఏదో ఒక కేంద్రమునకు పోయి, తక్కువ ఖర్చుతో త్వరగా ముగియు సీటీ స్కాను తీయించుకొని, "నార్మల్" అని వ్రాసిన రిపోర్టు చేతబట్టుకొని, ఊరడిల్లి యింటికి వత్తురు.

ఈ ఊరటనే నేను ప్రశ్నింపదలచితిని. ఆ రిపోర్టులో అసత్యమేమియు లేకపోవచ్చును. సీటీ యంత్రము తాను చూడగలిగినదంతయు చూచియే యుండవచ్చును. కాని ఈ రోగి విషయమున తేలవలసిన సందేహము ఆ యంత్రమునకు అందునది కాదు. ఒక చెవికి మాత్రమే నాడీసంబంధమైన వినికిడి లోపము కలిగినవారికి కపాలనాడిపై కణితి ఉన్నదో లేదో తేల్చుటకు మొదటి చిత్రపరీక్ష ఎంఆర్ఐయే కావలెననియు, ఆ ఎంఆర్ఐ సుదీర్ఘమైనదిగా గాని మిక్కిలి ఖరీదైనదిగా గాని ఉండనక్కరలేదనియు, సీటీకి తనదైన గౌరవస్థానము వేరొకచోట కలదనియు, ఈ మూడు మాటలను మన ప్రభుత్వ వైద్యవ్యవస్థ ఒక నియమముగా స్వీకరింపవలెననియు నా దృఢాభిప్రాయము.

మెదడు నుండి నేరుగా బయలుదేరు నాడులు పండ్రెండు జతలు. వాసన, చూపు, కనుగ్రుడ్ల కదలిక, ముఖస్పర్శ, ముఖకవళికలు, వినికిడి, శరీరపు నిలుకడ, మ్రింగుట, కంఠస్వరము, నాలుక కదలిక, ఇవన్నియు వీని అధీనములు. ఇవి కపాలపు అడుగుభాగమునందలి సన్నని రంధ్రముల గుండా వెలుపలికి వచ్చును. వీనిపై పుట్టు కణితులలో అధికభాగము ఎనిమిదవ నాడికి, అనగా వినికిడికిని నిలుకడకును ఆధారమైన నాడికి, పుట్టుచున్నవి. నాడితంతువులను కప్పియుండు ష్వాన్ కణములనుండి జనించు ఈ కణితికి వెస్టిబ్యులర్ ష్వానోమా అని శాస్త్రనామము. అకౌస్టిక్ న్యూరోమా అను పాతపేరే నేటికిని చాలమంది వైద్యుల నోట వినబడుచుండును. ఇది క్యాన్సరు కాదు. ఇతర అవయవములకు ప్రాకదు. ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి మాత్రమే క్రొత్తగా బయటపడును. అయినను కపాలములో పుట్టు కణితులన్నిటిలో నూటికి సుమారు ఎనిమిది వంతులును, చిన్నమెదడునకును మెదడు కాండమునకును నడుమనున్న మూలలో పుట్టువానిలో నూటికి ఎనుబది వంతులకు పైగాను ఇవియే.

సగటున ఇది ఏడాదికి 1 నుండి 2 మిల్లీమీటర్లు పెరుగును. కొన్ని యేండ్ల తరబడి కదలక యుండునవియు కలవు. మొదట చెవి యెముకలోని ఇరుకైన కాలువలో నుండి శ్రవణనాడిని నొక్కును. అప్పుడు రోగికి తెలియునది వినికిడి తగ్గుటయు, హోరును మాత్రమే. శబ్దము వినబడుచున్నను మాట అర్థముకాకుండుట ఈ దశకు చెప్పుకొనదగిన లక్షణము. పిదప కాలువ దాటి మెదడు మూలలోనికి వచ్చి, ముఖస్పర్శనిచ్చు ఐదవ నాడిని తాకినపుడు బుగ్గ తిమ్మిరెక్కును. చిన్నమెదడును, కాండమును నొక్కినపుడు నడక తడబడును. మెదడు ద్రవము పారు దారిని మూసినపుడు తలనొప్పి, వాంతులు, చూపు మసకబారుట కలుగును. కణితి చిన్నదిగా నున్నపుడు రోగికి మూడు మార్గములు కలవు: మందులేవియు లేక నియమితకాలమునకు స్కాను తీయించుకొనుచు వేచియుండుట, సూక్ష్మముగా గురిపెట్టిన రేడియోధార్మిక కిరణములతో దాని పెరుగుదలను నిలుపుట, శస్త్రచికిత్స. స్వీడన్ వైద్యుడు లార్స్ లెక్సెల్ రూపొందించిన గామా నైఫ్ 1968లో స్టాక్‌హోమ్‌లో పనిచేయనారంభించిన నాటినుండి రెండవ మార్గము బలపడుచు వచ్చినది. కాని కణితి 3 సెంటీమీటర్లు దాటి కాండమును నొక్కుచున్నచో సాధారణముగా మిగులునది శస్త్రచికిత్స యొక్కటే. అప్పుడు ముఖమును కదల్చు ఏడవ నాడిని కాపాడుట మిక్కిలి కష్టము. ఆ నాడి దెబ్బతిన్నవాడు ఒక కన్ను మూయలేడు, నీరు పుక్కిలింపలేడు, నవ్వినచో మూతి ఒకప్రక్కకు పోవును. కావున ఈ వ్యాధిలో రోగి భవిష్యత్తును నిర్ణయించువానిలో ముఖ్యమైనది, అది బయటపడిన నాటి పరిమాణము. ఆ పరిమాణమును నిర్ణయించునది, మనము ముందుగా ఏ పరీక్ష చేయించితిమన్న ఎంపిక.

ఈ కణితిని జీవించియున్న మనిషి తలలో చూడవలెనన్న ప్రయత్నము శతాబ్దమునకు పైబడినది. 1895 నవంబరులో రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొన్న పిదప కొన్ని దశాబ్దములలోనే, శ్రవణనాడి నడచు ఎముక కాలువ ఒకప్రక్క వెడల్పైనచో అచ్చట కణితి ఉండవచ్చునని వైద్యులు గ్రహించిరి. 1917లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఈ కణితులపై ప్రత్యేకగ్రంథమును ప్రకటించునాటికి, వ్యాధినిర్ణయమునకు ప్రధానాధారము రోగి చెప్పిన లక్షణముల వరుసయే. ఆ వెంటనే, 1918, 1919 సంవత్సరములలో, వాల్టర్ డాండీ మెదడు కోష్ఠములలోనికిని వెన్నులోనికిని గాలినెక్కించి ఎక్స్-రే తీయు పద్ధతులను ప్రవేశపెట్టెను. ఆ పరీక్ష రోగికి దుర్భరమైన తలనొప్పిని, వాంతులను తెచ్చిపెట్టెడిది. 1927లో పోర్చుగీసు వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడు రక్తనాళములను చిత్రించెను. మన దక్షిణదేశమున 1949లో వెల్లూరులో జేకబ్ చాండీ, 1950లో మద్రాసులో బి. రామమూర్తి నాడీశస్త్రవైద్యమునకు పునాదులు వేసినపుడు వారి చేతనున్న చిత్రసాధనములు ఇవియే.

1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రము ఒక రోగిణి మెదడును అడ్డుకోతలుగా చిత్రించి చూపినపుడు వైద్యచరిత్రలో ఒక యుగము మారినది. ఎక్స్-కిరణములను తల చుట్టును త్రిప్పి, ఏ దిశనుండి ఎంత కిరణబలము అణగిపోయినదో గణించి, కంప్యూటరు సహాయమున లోపలి చిత్రమును పునర్నిర్మించుటయే సీటీ స్కాను. అందులో నీటికి 0, గాలికి మైనస్ 1000, గట్టి యెముకకు 1000, అంతకు పైన అను కొలత నేటికిని హౌన్స్‌ఫీల్డ్ పేరనే చెల్లుచున్నది. దీనికి ఆయనయు, గణితపు పునాది వేసిన అలన్ కార్మాక్‌యు 1979లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఈ సాధనము చేసిన మేలు అపారము. ప్రమాదములో తలకు దెబ్బ తగిలి వచ్చినవానికి, హఠాత్తుగా పక్షవాతము వచ్చినవానికి, రక్తము చిమ్మినదో లేదో కొన్ని సెకన్లలో చెప్పగలుగునది సీటీయే. దాని విలువను తక్కువచేసి చూపుట నా ఉద్దేశము కాదు.

కాని ఎనిమిదవ నాడి నివసించు చోటు సీటీకి ప్రతికూలమైనది. తలకు ఇరుప్రక్కల లోనిచెవిని ఇముడ్చుకొన్న ఎముక మనశరీరములోని మిక్కిలి దట్టమైన ఎముకలలో ఒకటి. ఎక్స్-కిరణములు ఈ రెండెముకలను దాటి వచ్చునపుడు వానిలోని బలహీనకిరణములు లోపలనే అణగిపోవుటచేత, రెండింటి నడుమనున్న మెదడు కాండముపైనను, మూలలపైనను నల్లని చారలు పడును. అనగా ఏ ప్రదేశమును పరిశీలింపవలెనో సరిగా ఆ ప్రదేశముననే చిత్రము మసకబారును. అంతేకాక, కాంట్రాస్టు ఇంజెక్షను లేక తీసిన సీటీలో ఈ కణితి సాంద్రత ప్రక్కనున్న మెదడు సాంద్రతకు ఇంచుమించు సమానమగుటచేత, పెద్దకణితి కూడ మెదడులో కలిసిపోయి కనబడకుండుట కద్దు. అయోడిను కాంట్రాస్టు ఎక్కించినపుడు కాలువ దాటి వెలుపలికి వచ్చిన పెద్దకణితులు స్పష్టముగా వెలుగును గాని, కాలువలోనే దాగిన కొలది మిల్లీమీటర్ల కణితి తప్పించుకొనును. ఎంఆర్ఐ విరివిగా లభింపని దినములలో, ఈ లోపమును సరిదిద్దుటకై వైద్యులు వెన్నులోనికి కొంచెము గాలినెక్కించి, రోగిని ప్రక్కకు పరుండబెట్టి, ఆ గాలిబుడగ చెవి కాలువలోనికి చేరునట్లు చేసి సీటీ తీసెడివారు. సామాన్యమైన సీటీ ఇచ్చట చాలదని దాని నెరిగినవారే ఆనాడే గుర్తించిరనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మన డెల్టాలో కాలువ గట్టు కోసుకొనిపోయినదో లేదో తెలియుటకు గట్టు వెంబడి నడచిన చాలును; కాలువలో గుర్రపుడెక్క ఎంత పేరుకొన్నదో తెలియవలెనన్న నీటివంక చూడక తప్పదు. సీటీ ఎముక గట్లను చూచును. ఎంఆర్ఐ నీటిని, ఆ నీటిలో నున్నదానిని చూచును.

ఆ మాట అలంకారము కొరకు చెప్పినది కాదు. ఎంఆర్ఐ యంత్రము చదువునది నిజముగ నీటినే. శరీరములోని నీటియందలి హైడ్రోజను కేంద్రకములను బలమైన అయస్కాంతక్షేత్రములో నిలిపి, రేడియో తరంగములతో కదిలించి, అవి మరల తమస్థితికి వచ్చునపుడు వెలువరించు సంకేతములను చిత్రముగా మార్చుటయే దాని పని. సాధారణముగా వాడు 1.5 టెస్లా యంత్రపు అయస్కాంతబలము భూమి అయస్కాంతక్షేత్రమునకు సుమారు 30 వేల రెట్లు. 1973లో పాల్ లౌటర్‌బర్ ఈ మార్గమున తొలి చిత్రమును ప్రకటించెను. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతము చేసెను. ఇరువురికిని 2003లో నోబెల్ బహుమానము లభించినది. ఎముకనుండి సంకేతము దాదాపు రాకపోవుటచేత, సీటీకి అడ్డుపడిన ఆ దట్టమైన ఎముక ఎంఆర్ఐకి అడ్డురాదు. ఎక్స్-కిరణములు లేకపోవుటచేత కిరణదోషమును లేదు. తల సీటీలో రోగికి అందు కిరణమాత్ర సుమారు 2 మిల్లీసీవర్టులు, అనగా ప్రకృతినుండి మనము ఒక యేడాదిలో పొందుదానికి రమారమి సమానము. ఒక్కసారికి అది భయపడదగినది కాకపోయినను, కణితితో ఏండ్ల తరబడి మరల మరల స్కాను తీయించుకొనవలసినవారికి, ముఖ్యముగా చిన్నవయసువారికి, ఈ భేదము లెక్కింపదగినదే.

చెవి కాలువను సూక్ష్మముగా చిత్రించిన ఒక ఎంఆర్ఐ చిత్రమును తెరమీద పెట్టి చూతము. టీ2 అను పద్ధతిలో, మిల్లీమీటరుకు మించని పలుచని ముక్కలుగా తీసిన ఈ చిత్రములో మెదడు చుట్టునున్న ద్రవము తెల్లగా మెరయును. ఆ తెలుపు ఒకచోట సన్నగా చీలి ఎముకలోనికి చొచ్చుకొనిపోవును. అదియే సుమారు ఒక సెంటీమీటరు పొడవును, నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పును గల కాలువ. ఆ తెల్లని ద్రవములో నల్లని సన్నని గీతలుగా నాడులు తేలియాడుచున్నట్లు కనబడును. అదే కాలువను అడ్డముగా కోసిన చిత్రములో నాలుగు నల్లని చుక్కలు అగపడును: ముందువైపు పైన ముఖనాడి, దాని క్రింద శ్రవణనాడి, వెనుకవైపు పైనను క్రిందను నిలుకడకు సంబంధించిన రెండు నాడులు. ఈ నాలుగు చుక్కలును స్పష్టముగా లెక్కకు వచ్చి, తెల్లని ద్రవము కాలువ చివరి వరకును అవిచ్ఛిన్నముగా నున్నచో, అచ్చట కణితి లేదని వైద్యుడు ధైర్యముతో చెప్పగలడు. అట్లుగాక, రెండు మూడు మిల్లీమీటర్ల నల్లని గడ్డ ఒకటి ఆ తెలుపును అడ్డగించినచో అనుమానము బలపడును. అప్పుడు గడోలినియం కాంట్రాస్టు ఇంజెక్షను ఇచ్చి టీ1 పద్ధతిలో తీసిన చిత్రమున ఆ గడ్డ ప్రకాశవంతముగా వెలుగును. 1988 నుండి వైద్యమున వాడుకలోనికి వచ్చిన ఈ ఇంజెక్షను తరువాతనే, నిర్ధారణకు గడోలినియం ఎంఆర్ఐ ప్రమాణమైనది.

ఎంఆర్ఐ కణితి ఉనికిని మాత్రమే గాక దాని జాతిని కూడ చాలవరకు తెలుపును. కాలువలోనికి చొచ్చుకొని, వెలుపల గుండ్రముగా ఉబ్బినది ష్వానోమా యని అనుమానింపవచ్చును. మెదడు పొరకు వెడల్పుగా అంటుకొని, ఆ పొర వెంట తోకవలె సాగునది మెనింజియోమా. కాంట్రాస్టుతో వెలుగక, ద్రవమువలెనే కనబడుచు, డిఫ్యూజన్ అను పద్ధతిలో మాత్రము తెల్లగా ప్రజ్వరిల్లునది ఎపిడెర్మాయిడ్ తిత్తి. ఈ మూడింటికిని చికిత్సలు వేరు; శస్త్రవైద్యుడు ముందుగా తెలిసికొని కత్తిపట్టుట వేరు, తెరచిన పిదప తెలిసికొనుట వేరు.

ఇతర కపాలనాడుల విషయమునను ఈ తారతమ్యము ఇట్లే యున్నది గాని, సీటీ గౌరవమును నిలుపు స్థానములు అచ్చటనే అధికము. దృష్టినాడిపై పిల్లలలో వచ్చు గ్లయోమాకును, నాడి తొడుగుపై పెద్దలలో వచ్చు మెనింజియోమాకును ఎంఆర్ఐ ప్రధానసాధనము. కాని తొడుగులోని సున్నపు నిక్షేపములను బాగుగా చూపునది సీటీ. ఐదవ నాడి కణితి కపాలపు అడుగునగల రంధ్రములను విశాలపరచినపుడు ఆ రంధ్రపు అంచులు నున్నగా నున్నవో, కొరుకబడినవో చెప్పునది సీటీ. కంఠసిర వెలువడు రంధ్రమున, తొమ్మిది, పది, పదునొకండవ నాడుల చెంత పుట్టు గ్లోమస్ కణితి ఎముకను చెదపురుగు తిన్నట్లు చేయుట సీటీలోను, అందలి రక్తనాళముల చారికలు ఎంఆర్ఐలోను తెలియును. ఒకటి లేక రెండవది సంపూర్ణము కాదు. శస్త్రచికిత్సకు ముందు చెవి వెనుకనుండి ఎముకను తొలచు వైద్యునికి లోనిచెవి గొట్టములు, రక్తనాళములు ఎంత దూరమున నున్నవో చూపు పటము సీటీయే. పేస్‌మేకరు గాని, కొన్ని రకముల పాత లోహపు క్లిప్పులు గాని, కంటిలో ఇనుపరజను గాని గలవారికి ఎంఆర్ఐ ప్రమాదకరము కావచ్చును కనుక, వారి విషయమున కాంట్రాస్టు సీటీని ఆశ్రయింపవలసివచ్చును. పెట్ స్కానును, రక్తనాళచిత్రణమును మొదటి పరీక్షలుగా వాడనక్కరలేదు. ప్రత్యేక సందర్భములలో, కణితికి రక్తము తెచ్చు నాళమును శస్త్రచికిత్సకు ముందు మూయునపుడు వంటి సమయములలో, వాని ప్రయోజనము వానికి కలదు. కావున నా వాదము ఎంఆర్ఐ గొప్పది, సీటీ అల్పమైనది యని కాదు. కణితి ఉన్నదా అను ప్రశ్నకు మొదట ఎంఆర్ఐయు, ఎముక ఏమైనదను ప్రశ్నకు పిదప సీటీయు సమాధానము చెప్పవలెనని.

ఇచ్చట సహేతుకమైన ఆక్షేపణలు రెండు కలవు. మొదటిది ఖర్చు. ఒక చెవికి వినికిడి తగ్గినవారందరికి ఎంఆర్ఐ తీసినచో నూటికి తొంబదియైదుమందికి పైగా కణితి ఉండదు. అంతమంది పేదలచేత వేలరూపాయలు వ్యయపెట్టించుట న్యాయమా యని కొందరు వైద్యులే అడుగుదురు. ఈ ప్రశ్న సరియైనది. దానికి సమాధానము పరీక్షను మానుట కాదు, పరీక్షను కుదించుట. అనుమానమును నివృత్తి చేయుటకు తల యంతటికిని అరగంట సేపు అన్ని పద్ధతులలోను చిత్రములు తీయనక్కరలేదు. నేను పైన వర్ణించిన టీ2 పలుచని ముక్కలు కాలువల ప్రదేశమునకు మాత్రము తీసిన చాలును. అది కొలది నిమిషముల పని. ఇంజెక్షను అక్కరలేదు, అందుచేత మూత్రపిండములు తీవ్రముగా చెడినవారిలో కొన్ని గడోలినియం మందులవలన చర్మము, అంతరాంగములు గట్టిపడు వ్యాధి కలుగుననియు, గర్భిణులకు అది కూడదనియు గల భయములును లేవు. ఈ చిన్న పరీక్షలో అనుమానము తోచినవారికి మాత్రమే కాంట్రాస్టుతో పూర్ణపరీక్ష చేయింపవచ్చును. ఒక పూర్ణపరీక్షకు పట్టు సమయములో ఇద్దరు ముగ్గురిని చూడగలిగినపుడు, దాని ధరయు ఆ మేరకు తగ్గవలెను. తగ్గించుట యాజమాన్యముల ధర్మము.

రెండవ ఆక్షేపణ మరింత లోతైనది. చిన్నకణితులను వెదకి పట్టుకొన్నచో, ఎన్నడును పెరుగని కణితికి కూడ మనిషి జీవితాంతము బెంగపెట్టుకొనడా యని. బెంగ సహజమే. కాని పెరుగునో పెరుగదో తెలియుటకు మార్గము దానిని చూచుచుండుటయే. చూడక యుండుటచేత పెరుగునది పెరుగక మానదు. మొదటి పరీక్షలో తేలిన చిన్నకణితిని ఆరుమాసములకో, ఏడాదికో మరల చూచి, మార్పులేనిచో క్రమముగా ఎడము పెంచుకొనుచు పోవు పద్ధతి లోకమంతట వైద్యులు పాటించుచున్నదే. రోగికి నిజము చెప్పి, దాని వేగమెంతయో, చికిత్స ఎప్పుడవసరమో ఓపికగా వివరించు వైద్యుడు ఆ బెంగలో పెద్దపాలు తీర్చగలడు.

ఎవరిని పరీక్షింపవలెనన్న విషయమున గూడ అంధకారము లేదు. బ్రిటనులో ప్రజారోగ్యసేవకు మార్గదర్శకములు రూపొందించు నైస్ సంస్థ 2018లో, 500 నుండి 8000 హెర్ట్జుల వరకుగల పరీక్షాశ్రుతులలో ప్రక్కప్రక్కనున్న ఏ రెండింటియందైనను ఇరుచెవుల వినికిడికి 15 డెసిబెల్లులు, అంతకు మించి భేదమున్నచో చెవి కాలువల ఎంఆర్ఐని ఆలోచింపవలెననియు, ముఖనాడి బలహీనత వంటి సూచనలున్నచో వినికిడి కొలతతో నిమిత్తము లేకయే ఎంఆర్ఐ చేయింపవలెననియు సూచించెను. రెండు మూడు దినములలోనే హఠాత్తుగా ఒక చెవి మూసికొనిపోయినవారిని దీనికి చేర్చవలెను. స్టెరాయిడు బిళ్ళలతో వినికిడి కొంత మరలివచ్చినను కణితి లేదని చెప్పుటకు వీలులేదు. బేరా అని పిలువబడు విద్యుత్పరీక్ష ఒక సెంటీమీటరు దాటిన కణితులను బాగుగనే పట్టును గాని, అంతకు చిన్నవానిని విడిచివేయును. కావున ఎంఆర్ఐకి అది ప్రత్యామ్నాయము కాజాలదు.

ఈ దారికి మొదటి మెట్టు యంత్రము కూడ కాదు. కొలది ఖర్చుతో దొరకు 512 హెర్ట్జుల శ్రుతిదండము. దానిని మోచేతిపై తట్టి, కాడను రోగి నుదుటి నడుమ ఆనించి, "ఏ చెవికి ఎక్కువగా వినబడుతోంది?" అని అడుగవలెను. గుబిలివలననో, చీము కారుటవలననో వినికిడి తగ్గినచో ఆ ధ్వని చెడిన చెవివైపే ఎక్కువగా వినబడును. నాడి చెడినచో మంచి చెవివైపునకు పోవును. ఒక్క నిమిషములో ముగియు ఈ పరీక్ష, చుక్కలమందుతో మాసములు గడుపవలసినవారిని, వినికిడి పరీక్షకు వెంటనే పంపవలసినవారిని వేరుచేయగలదు. భవానీపురము వంటి పేటలలోని పట్టణ ఆరోగ్యకేంద్రములలోను, డెల్టా మండలములలోని ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోను ప్రతి వైద్యుని బల్లమీదను ఈ దండము ఉండవలెను. దానిని ప్రయోగించుట అలవాటు కావలెను.

తరువాతి బాధ్యత చీటీ వ్రాయువానిది. "కళ్ళు తిరుగుతున్నాయి, బ్రెయిన్ స్కాన్" అని వ్రాసిన చీటీకి స్కాను కేంద్రము సాధారణ పరీక్షయే చేయును. అందులో ముక్కల మందము 5 మిల్లీమీటర్లు ఉండుటచేత, ఎంఆర్ఐ యైనప్పటికిని మూడు మిల్లీమీటర్ల కణితి రెండు ముక్కల నడుమ జారిపోవచ్చును. "ఎడమచెవికి నాడీసంబంధమైన వినికిడి లోపము; ఎనిమిదవ నాడిని, చెవి కాలువలను పలుచని ముక్కలతో చూడవలెను" అని వ్రాసి, వినికిడిని కొలిచిన ఆడియోగ్రాము ప్రతిని జతచేసిన చీటీకి వేరు పరీక్ష జరుగును, వేరు సమాధానము వచ్చును. రిపోర్టులో "నార్మల్ స్టడీ" అను ఒక్కమాటకు బదులు, చెవి కాలువలు చూడబడినవా లేదా, ఏ పద్ధతిలో చూడబడినవి, సీటీ అయినచో చిన్నకణితిని అది కాదనజాలదు అని రేడియాలజిస్టు స్పష్టముగా వ్రాయుట న్యాయము. రోగులును ఫిల్ములను, సీడీలను పారవేయక భద్రపరచుకొనవలెను. పెరుగుదలను కొలుచుటకు పాతచిత్రమే ఆధారము.

విజయవాడకు ఈ నియమమును ఆచరణలో పెట్టి చూపగల సామర్థ్యము లేకపోలేదు. 1980లో వెలసిన సిద్ధార్థ వైద్యకళాశాలయు, దానికి అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రియు ఇచ్చట కలవు. 1986లో స్థాపితమై రాష్ట్రములోని వైద్యవిద్య కంతటికి దిశానిర్దేశము చేయుచున్న ఆరోగ్య విశ్వవిద్యాలయము ఈ నగరముననే యున్నది. నదికి ఆవలిగట్టున మంగళగిరిలో ఎయిమ్స్ నెలకొన్నది. చెవి వైద్యులు, రేడియాలజిస్టులు, నాడీశస్త్రవైద్యులు ఒకచోట కూర్చుండి ఒక పుట మించని నియమపత్రమును రచించి, దానిని తెలుగులో ముద్రించి ప్రతి ఆరోగ్యకేంద్రమునకు పంపుట ఈ సంస్థలకు అసాధ్యము కాదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమై, నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడచుచున్న పథకమున, ఆడియోగ్రాములో నిర్ణీతభేదమున్న ప్రతి పేదరోగికిని ఈ కుదించిన ఎంఆర్ఐ, పిదప శస్త్రచికిత్స జరిగినను జరుగకున్నను, ఉచితముగా లభించునట్లు ప్రభుత్వము హామీ ఈయవలెను. పెద్దకణితికి చేయు సుదీర్ఘమైన శస్త్రచికిత్సకును, ఆ పిదప ముఖము వంకరపోయినవాని పునరావాసమునకును వెచ్చించు ధనముతో పోల్చినచో ఈ వ్యయము భారము కాదు.

వినికిడి ఒకసారి పోయినది ఏ స్కానుతోను తిరిగిరాదు. ఆ మాట దాచిపెట్టి ఆశలు కల్పించుట తగదు. కాని మిగిలియున్నదానిని, ముఖనాడిని, నడకను, చూపును కాపాడుట మన చేతులలో నున్నది. ఒక చెవికి వినికిడి తగ్గినదని మీ యింటిలో ఎవరైనను చెప్పినచో వయసు మీద వేసి త్రోసిపుచ్చకుడు. వయసు రెండు చెవులను సమానముగా తాకును, ఒక్కదానిని మాత్రము ఏరుకొనదు. ఈఎన్‌టీ వైద్యుని కడకు పోయి ఆడియోగ్రాము తీయించుడు. భేదము తేలినచో చెవి కాలువలకు ఎంఆర్ఐ వ్రాయుమని అడుగుడు. చేతిలో నున్నది సీటీ రిపోర్టు మాత్రమే అయినచో, ఇది చాలునా అని మరల అడుగుడు. అట్లడుగుట వైద్యుని అగౌరవపరచుట కాదు. మంచి వైద్యుడు ఆ ప్రశ్నను స్వాగతించును.